అద్దెదారులతో మాట్లాడటానికి వాట్సాప్ బిజినెస్: ఏళ్లుగా వాడాక నా సమీక్ష

అద్దెదారుల ఫిర్యాదులు తీసుకోవడానికి, పని ఎక్కడిదాకా వచ్చిందో చెప్పడానికి ఇంతకంటే తేలికైన సాధనం నాకు కనిపించలేదు. నోటీసులకు మాత్రం ఇది చాలదు. అద్దె పెంపు, ఒప్పందం పొడిగింపు, ఖాళీ చేయమనడం, అడ్వాన్సులో కోతలు ఒప్పందంలో రాసుకున్న పద్ధతిలోనే, కాగితం మీదో ఈమెయిల్లోనో వెళ్లాలి. వాట్సాప్‌లో "నోటీసు పంపాం, చూడండి" అని గుర్తుచేస్తే చాలు.

మామూలు వాట్సాప్ వదిలి బిజినెస్ యాప్‌కు రావడానికి ముఖ్య కారణం లేబుళ్లు, అంటే చాట్‌లను విడివిడిగా గుర్తుపట్టడానికి వాటికి తగిలించే చీటీలు. 20 దాకా పెట్టుకోవచ్చు గానీ నాలుగు సరిపోతాయి: కొత్త ఫిర్యాదు, పనివాడికి చెప్పాం, సామాను రావాలి, అద్దెదారు సరేనంటే ముగింపు. ఫ్లాట్‌కో లేబుల్ పెట్టడం వృథా. ఫ్లాట్ నంబరు కాంటాక్టు పేరుకు ముందే రాసుకోవాలి. అద్దెదారు ఖాళీ చేసిన రోజే ఆ పేరుకు "పాత" అని చేర్చకపోతే కొత్తవాళ్ల సంగతులు పాతవాళ్లకు వెళ్లిపోతాయి.

రెండో కారణం క్విక్ రిప్లై. స్లాష్ గుర్తు కొట్టి చిన్న పేరు ఎంచుకుంటే ముందే రాసిపెట్టుకున్న సందేశం వచ్చేస్తుంది. బాగా పనికొచ్చేది నీటి లీకు ప్రశ్నలది: "దగ్గర నుంచి ఒక ఫొటో, దూరం నుంచి ఒక ఫొటో పంపండి. నీళ్లు ఆగకుండా కారుతున్నాయా, వాడినప్పుడేనా? వాల్వు కట్టేశారా? పనివాడు ఎప్పుడు రావచ్చు?" ఆగకుండా కారుతుంటే నీళ్లొచ్చే పైపులో, వాడినప్పుడే కారుతుంటే బయటికి పోయే గొట్టంలో లోపం ఉండే అవకాశం ఎక్కువ. ఇది ముందే తెలిస్తే ప్లంబర్ తగిన సామానుతో వస్తాడు, రెండోసారి తిరిగే పని తప్పుతుంది. కోపంగా ఉన్న మనిషికి మాత్రం రాసిపెట్టిన జవాబు పంపకూడదు. ముందు ఫోన్ చేసి మాట్లాడి, అనుకున్నది తర్వాత రాసి పంపాలి.

"చూస్తాం" అనే జవాబు ఎవరికీ పనికిరాదు. "మంగళవారం 11 నుంచి 1 మధ్య ప్లంబర్ వస్తాడు, మార్పు ఉంటే 10 లోపు చెబుతాను" అనాలి. పని కాకపోయినా 10 లోపు కబురు వెళ్లాల్సిందే. అద్దెదారుకు ఓపిక నశించేది ఆలస్యం వల్ల కంటే మౌనం వల్లే.

బ్రాడ్‌కాస్ట్‌ను, అంటే ఒకే సందేశాన్ని చాలామందికి విడివిడిగా పంపే పద్ధతిని, నమ్ముకునేవాళ్లు ఒకటి గమనించాలి: మన నంబరు సేవ్ చేసుకోనివాళ్లకు ఆ సందేశం చేరదు. తాళాలు ఇచ్చేటప్పుడే నంబరు సేవ్ చేయించి, ఒక పరీక్ష సందేశం పంపి చూడాలి. అందరికీ చెప్పాల్సిన విషయాలకు అడ్మిన్లు మాత్రమే రాయగల గ్రూపు మేలు. అక్కడ సందేశాన్ని నొక్కిపట్టి సమాచారం తెరిస్తే ఎవరు చదివారో కనిపిస్తుంది. నీలి టిక్కులు ఆపేసుకున్నవాళ్లవి కూడా గ్రూపుల్లో తెలుస్తాయి. అయితే గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనబడతాయి కాబట్టి అడిగాకే చేర్చాలి. బాకీల ప్రస్తావన గ్రూపులో ఎప్పుడూ రాకూడదు.

నీళ్లు ఆపుతున్నప్పుడు ఏ ఫ్లాట్లకు, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా, వాళ్లేం చేయాలి అన్నవి మొదటి రెండు వాక్యాల్లోనే ఉండాలి. "రేపు" అనకుండా తేదీ, వారం రాయాలి, ఎందుకంటే కొందరు మర్నాడు చదువుతారు. తప్పు దొర్లితే 15 నిమిషాల్లోపు సవరించవచ్చు. అప్పటికే చాలామంది చదివేసి ఉంటే "సవరణ" అని కొత్త సందేశం పెట్టడమే నయం.

పని వేళలు దాటాక దానంతటదే వెళ్లే జవాబులో (యాప్‌లో దీని పేరు "Away message") అత్యవసర నంబరు తప్పనిసరి. "గ్యాస్ వాసనొస్తే స్విచ్చులు ముట్టుకోకుండా బయటికొచ్చి ఫోన్ చేయండి" అని అందులోనే రాయండి. మెసేజ్ చూసుకుంటారులే అని అద్దెదారు ఎదురుచూసే పరిస్థితి రాకూడదు.

మాటలకు రికార్డు ఉంచుకునే విషయంలో ఈ యాప్ బలహీనం. చాట్‌లో ఇద్దరిలో ఎవరైనా సందేశాలు వాటంతటవే మాయమయ్యే ఏర్పాటు పెట్టవచ్చు, కాబట్టి ఆ సెట్టింగు అప్పుడప్పుడూ చూస్తుండాలి. గోడల మీది మరకలు, పగుళ్ల ఫొటోలను డాక్యుమెంటుగా పంపమనండి, మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది. వాయిస్ మెసేజ్ వస్తే దాని సారాంశం రాసి "ఇదేనా?" అని అడగాలి. ఎవరైనా ఖాళీ చేస్తామని చెప్పగానే ఆ చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి (ఫైలుగా బయటికి తీసి) ఫ్లాట్ ఫోల్డరులో పెట్టుకుంటే, అడ్వాన్సు లెక్కలు తేల్చేటప్పుడు ఇరువైపులా వాదన తగ్గుతుంది.