కర్నూలు, కడప, అనంతపురం పైపు ప్రియులకు హెచ్చరిక: మీర్‌షామ్ పేరుతో బలపపు రాయి అంటగడుతున్నారు

మన వైపు పొగాకు తాగే చిన్న పైపులు సేకరించేవాళ్లు ఇది చదివాకే డబ్బు పంపండి. అరచేతిలో ఇమిడే పైపు, బౌల్ (పొగాకు నింపే గిన్నె) మీద తలపాగా ముసలాయన ముఖమో సింహం తలో చెక్కి ఉంటుంది. ధర 4,500 రూపాయలు. టర్కీ మీర్‌షామ్ (పైపులు చెక్కే తేలికైన తెల్ల ఖనిజం) అనీ, పాతకాలం సరుకనీ, వాడి వాడి తేనె రంగు పట్టిందనీ ఫోటోలతో నమ్మిస్తారు. డబ్బు ముందే కట్టాలి, బిల్లు ఉండదు. చేతికొచ్చింది మాత్రం బలపపు రాయి. వాపసు అడిగితే వచ్చిన జవాబు: "మీర్‌షామ్ కూడా రాయే కదా!"

ఈ మాట విని వెనక్కి తగ్గకండి. రెండూ మెగ్నీషియం సిలికేట్ ఖనిజాలే అన్నది నిజం. కానీ మీర్‌షామ్ అంటే సెపియోలైట్. టర్కీలో ఎస్కిషెహిర్ చుట్టుపక్కల భూమిలో గడ్డలుగా దొరుకుతుంది. ఒళ్లంతా కంటికి కనిపించని రంధ్రాలే. పొగలోని తేమను పీల్చుకుని పొగను పొడిగా, చల్లగా అందిస్తుంది కాబట్టే దానికి ఆ ధర. బలపపు రాయికి ఆ రంధ్రాలు లేవు. తేమ పీల్చదు కనుక నీరు బౌల్ అడుగున చేరి గురగురలాడుతుంది, చేదు నోటికి తగులుతుంది. పైగా ఈ రాయి వేడిని పట్టుకుని వదలదు. పెనాలకూ పొయ్యిలకూ పనికొచ్చేది ఆ గుణం వల్లే. వేళ్ల మధ్య పట్టుకునే చిన్న పైపుకు అదే శాపం. గోడలు పలచగా ఉంటే సగం పొగాకు కాలేలోపే బౌల్ పట్టుకోలేనంత కాలుతుంది.

బేతంచెర్ల వైపు, తాడిపత్రి వైపు ఈ రాయి గనులున్నాయి. మెత్తగా ఉంటుంది, చిన్న ఉలితో ఎంత సన్నని పనైనా చెక్కవచ్చు. చెక్కినవాళ్ల పనితనంలో లోపం లేదు. రాతి పైపు అని చెప్పి అమ్మితే అలమారలో పెట్టుకోవడానికి ఆనందంగా కొనుక్కోవచ్చు. పేరు మార్చి, ధర పెంచి అమ్మడమే మోసం.

పైపు చేతికి రాగానే చూడాల్సిన మొదటి సంగతి బరువు. స్టెమ్ (నోట పెట్టుకునే గొట్టం) ఊడదీసి బౌల్‌ను మాత్రమే వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టండి. తర్వాత దాన్ని పలచని ప్లాస్టిక్ కవర్లో గాలి లేకుండా బిగించి, కొలత గీతలున్న గ్లాసు నీటిలో పూర్తిగా ముంచి, నీరు ఎన్ని మిల్లీలీటర్లు పెరిగిందో చూడండి. గ్రాములను మిల్లీలీటర్లతో భాగిస్తే సంగతి తేలిపోతుంది. 95 గ్రాముల బౌల్ 35 మిల్లీలీటర్ల నీటిని జరిపితే లెక్క 2.7 వస్తుంది, అది బలపపు రాయి. ఎండిన మంచి మీర్‌షామ్ ముక్క నీటి మీద తేలుతుంది. మైనం పట్టిన పైపైనా 2 దరిదాపుల్లోకి రాదు. కవర్ లేకుండా మాత్రం ముంచకండి. అసలు మీర్‌షామ్ తడిస్తే మెత్తబడుతుంది, ఆ తడి మీద స్టెమ్ తిప్పితే షాంక్ (స్టెమ్ దూరే బౌల్ మెడ) విరుగుతుంది. పరీక్ష పేరుతో మంచి పైపును పాడుచేసుకోవద్దు.

రెండోది నీటి చుక్క. బయటివైపు తేనెమైనం పట్టించి ఉంటుంది కాబట్టి అక్కడ పరీక్షించి లాభం లేదు. స్టెమ్ దూరే రంధ్రం లోపలి అంచున, మైనం అంటని చోట, అగ్గిపుల్లతో ఒక్క చుక్క వేయండి. మీర్‌షామ్ అయితే ఇంకిపోతుంది. బలపపు రాయి మీద చుక్క అలాగే నిలబడుతుంది. వేలితో రుద్దితే సబ్బులా జారుడుగా, చల్లగా తగిలినా అనుమానించాల్సిందే. ఇక్కడ ఇంకో సంగతి. మీర్‌షామ్ పొడికి జిగురు కలిపి అచ్చుపోసిన పైపులు కూడా ఉన్నాయి. అవి తేలికగానే ఉంటాయి కనుక బరువు పరీక్ష దాటేస్తాయి. వాటికి భూతద్దంతో అచ్చు గీత వెతకాలి.

ఎక్కువమంది మోసపోయేది రంగు దగ్గర. మీర్‌షామ్‌కు రంగు లోపలి నుంచి వస్తుంది. పొగాకు రసం గోడల్లోకి ఇంకి, మైనంతో కలిసి బయటికి తేలుతుంది. అందుకే మామూలుగా ముందు షాంక్, బౌల్ అడుగు ముదురుతాయి, పై అంచు చాలాకాలం తెల్లగానే ఉంటుంది. నకిలీలో రంగు పైపైన పూసినది. అంచు నుంచి అడుగు దాకా ఒకే గోధుమ రంగు, చెక్కిన గీతల్లో మాత్రం ముద్దగా నిలిచి ఉంటుంది. స్పిరిట్ తడిపిన దూదితో అడుగున రుద్దితే చాలాసార్లు దూదికి అంటుకుంటుంది. బౌల్ లోపల టార్చి వేసి చూడండి. బయట అంత ముదిరిన పైపు లోపల మసి మరక లేకుండా ఉందంటే అది పాతది కాదు.

స్టెమ్‌ను కూడా లాగి చూడాలి. మంచి పైపులో షాంక్‌కూ స్టెమ్‌కూ మధ్య ప్లాస్టిక్ గొట్టమో మరలున్న ముక్కో ఉంటుంది, శుభ్రం చేసుకోవడానికి ఊడి వస్తుంది. ఈ నకిలీల్లో ఎం-సీల్ లాంటి దానితో అతికించేస్తున్నారు. పైపు క్లీనర్ దూర్చితే మధ్యలోనే తట్టుకుంటుంది. పొగ రంధ్రం బౌల్ అడుగుకు కాకుండా పైకెక్కి తెరుచుకుంటే అడుగు పొగాకు ఎప్పటికీ కాలదు, తడి ముద్దగా మిగిలిపోతుంది.

ఇప్పటికే కొన్నవాళ్లు రంధ్రం సరిచేద్దామని డ్రిల్లు పెట్టకండి, ఉప్పుకాగితం వేయకండి. బలపపు రాతి నిక్షేపాల్లో కొన్నిచోట్ల ఆస్బెస్టాస్ నారలు కలిసి ఉంటాయి. పులివెందుల వైపు ఆస్బెస్టాస్ తవ్విన సంగతి కడపవాళ్లకు తెలిసిందే. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

"టర్కీ నుంచి ముడిరాయి తెప్పించి ఇక్కడే చెక్కించాం" అంటే అసలే నమ్మొద్దు. ముడి మీర్‌షామ్ గడ్డల ఎగుమతిని టర్కీ 1970ల్లోనే ఆపేసింది. ఎర్రచందనం పైపు ఇస్తామన్నా వద్దనండి. అటవీ శాఖ కాగితాలు లేని ఎర్రచందనం ఇంట్లో దొరికితే కేసు మీ మీదే.

డబ్బు పోయినవాళ్లు చాటింగ్, చెల్లింపు రసీదు, పార్సిల్ విప్పిన వీడియో, కాటా మీద తూకం ఫోటో దాచిపెట్టుకోండి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు చేయండి. అక్కడ తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్ ద్వారా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, గడువు 2 ఏళ్లు. అమ్మినవాడు పైపు పంపకుండానే మాయమైతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇకముందు కొనేవాళ్లు బిల్లు మీద "పైపు" అని ఊరుకోనివ్వకుండా "బ్లాక్ మీర్‌షామ్" (పొడి అచ్చు కాదు, గడ్డలోంచి చెక్కినది) అని రాయించుకోండి. రాయనంటే డబ్బు పంపొద్దు.