22 అడుగుల బోటు, ఎనిమిది వేసవులు, ఒక గుంపు

సియాటిల్ చుట్టుపక్కల తెలుగువాళ్ళకు బోటు ఉందని చెబితే మొదట అడిగేది "ఎంత పడింది?" అని. రెండోది "అంత సముద్రంలో ఒక్కడివే ఎలా వెళ్తావు?" అని. మొదటి ప్రశ్నకు మా ఆవిడ పక్కనుండగా జవాబు చెప్పను. రెండోదానికి జవాబు ఈ సమీక్ష. ఒక్కణ్ణే వెళ్ళింది చాలా తక్కువ. ఎక్కువసార్లు ఏడెనిమిది చిన్న బోట్ల గుంపుతోనే వెళ్ళాను. అందుకే ఇందులో బోటు గురించి సగం, గుంపు గురించి సగం ఉంటుంది.

2018 వసంతంలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పొడవు 22 అడుగులు, వెడల్పు ఎనిమిది అడుగుల లోపు. చిన్న క్యాబిన్, ముక్కు భాగంలో ఇద్దరు పడుకునే చోటు, వెనక 90 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ ఇంజన్. రెండు ట్యాంకుల్లో కలిపి 40 గ్యాలన్ల పెట్రోలు పడుతుంది. ట్రైలరుతో కలిపి సుమారు 4,500 పౌండ్లు, మా పికప్ ఇబ్బంది లేకుండా లాగుతుంది. ఇంట్లో పార్క్ చేసుకోవచ్చు కాబట్టి మెరీనాకు నెలనెలా అద్దె కట్టే పని లేదు. ఇంతవరకూ ఇంజన్ మీద 600 గంటలకు పైగా తిరిగాను. నూనెలు, ఇంపెల్లరు, స్పార్క్ ప్లగ్గులు తప్ప ఇంజన్ నన్ను ఏమీ అడగలేదు.

నేను గోదావరి గట్టున పుట్టినవాణ్ణి. చిన్నప్పుడు లాంచీలో సరంగు పక్కన నిలబడి, ఆయన చుక్కాని తిప్పుతుంటే నేనే తిప్పుతున్నంత గొప్పగా చూసేవాణ్ణి. ఆ గీర ఇక్కడ మొదటి నెలలోనే దిగిపోయింది. ఇక్కడి నీళ్ళు రోజుకు రెండుసార్లు లేచి దిగుతాయి, ఒక్కోరోజు పది పన్నెండు అడుగుల తేడా ఉంటుంది. సాయంత్రం తక్కువ నీళ్ళలో చూసుకుని లంగరుకు తాడు వదిలితే, అర్ధరాత్రి పోటుకు ఆ తాడు చాలదు. వేసవిలో కూడా, సియాటిల్‌కు ఉత్తరాన మేం తిరిగే శాన్ వాన్ దీవుల దగ్గర నీళ్ళు 50 డిగ్రీల ఫారన్‌హీట్‌కు అటూ ఇటూగానే ఉంటాయి. అందులో పడితే ఈత రావడం ఒక్కటే సరిపోదు. వాషింగ్టన్‌లో ఇలాంటి మోటారు బోటు నడపాలంటే 1955లోనూ ఆ తర్వాతా పుట్టినవాళ్ళకు బోటర్ ఎడ్యుకేషన్ కార్డు ఉండాలి. ఆ పరీక్ష పాసై కార్డు జేబులో పెట్టుకున్న రోజుకు నాకు నిజంగా తెలిసింది పావు వంతు కూడా లేదు.

మిగతాది గుంపులో నేర్చుకున్నాను. అనకోర్టెస్‌లో బోటు దించే ర్యాంపు దగ్గర, ట్రైలరును ఐదోసారి వెనక్కి తోస్తూ తిప్పలు పడుతుంటే డెబ్బై దాటిన ఒక పెద్దాయన వచ్చి స్టీరింగ్ అడుగున చెయ్యి పెట్టి పట్టుకోమన్నాడు. అంతే, ట్రైలరు మాట వినింది. ఆయన్ను మేమంతా స్కిప్పర్ అనే పిలుస్తాం. ఆయన చుట్టూ చేరిందే మా బ్యాచ్. 16 అడుగుల బోటు ఒకటి, 25 అడుగులవి రెండు, మిగతావి నాలాంటివి. అందులో మాతో పాటు ఇంకో తెలుగు కుటుంబం ఉంది, కరీంనగర్ వాళ్ళు.

గుంపులో మొదట చిరాకు పెట్టేది వేగం. నా బోటు సాఫీ నీళ్ళలో 16, 17 నాట్లు హాయిగా పోతుంది. (నాట్లు అంటే మా ఊళ్ళో వరి నాట్లే. ఇక్కడ గంటకు ఒక నాటికల్ మైలు, అంటే 1.85 కిలోమీటర్లు.) కానీ అల కాస్త లేస్తే 16 అడుగుల బోటు తొమ్మిదికి పడిపోతుంది. అప్పుడు అందరం తొమ్మిదే. నాలాంటి బోటుకు అది మరీ ఇబ్బందైన వేగం. నీటి మీదకు లేవదు, నీటిలో సర్దుకోదు, ముక్కు పైకెత్తి పెట్రోలు తాగుతుంది. ట్రిమ్ ట్యాబులు (బోటు వెనక అడుగున ఉండి, ముక్కును కిందికి దించే రెండు రేకులు) పెట్టించాక ఈ బాధ చాలా తగ్గింది. ఈ బోటుకు ఒకే ఒక్క అదనపు ఖర్చు పెట్టే స్థోమత ఉంటే అది వాటి మీదే పెట్టమంటాను.

కానీ అదే గుంపు దుంగల విషయంలో ప్రాణాలు నిలుపుతుంది. ఈ నీళ్ళలో విరిగిన చెట్లూ, కలప తెప్పల నుంచి తప్పించుకున్న మొద్దులూ తేలుతుంటాయి. కొన్ని నిలువుగా మునిగి, కొస ఒక్కటే పైకి కనిపిస్తుంది. ముందు వెళ్ళే బోటు వాళ్ళు రేడియోలో "ఎడమవైపు దుంగ, వంద గజాలు" అని చెబుతూ పోతారు, వెనకవాళ్ళు ఒక్కొక్కరే సర్దుకుంటారు. ఒకసారి ముందు వెళ్ళేది నేనే. ఎండ కళ్ళలో కొడుతోంది, దుంగ కనబడలేదు. దడేల్‌మని శబ్దం, ఆ వెంటనే స్టీరింగంతా వణుకు. ప్రొపెల్లరు మూడు రెక్కల్లో ఒకటి అప్పడంలా మడతపడిపోయింది. స్కిప్పర్ వెనక నుంచి తాడు వేసి జోన్స్ ఐలాండ్ దాకా లాక్కెళ్ళాడు. అక్కడ నీళ్ళు తగ్గే దాకా ఆగి, గులకరాళ్ళ మీద మోకాళ్ళు ఆనించి స్పేర్ ప్రొపెల్లరు బిగించాను. దాని నట్టు ఊడకుండా పట్టే కాటర్ పిన్ను నీళ్ళలో జారిపోతే కరీంనగర్ తమ్ముడు తన డబ్బాలోంచి ఇంకోటి తీసిచ్చాడు. ఒక్కణ్ణే ఉంటే ఆ రోజు ఏమయ్యేదో ఆలోచించడం నాకిష్టం లేదు.

ఇప్పుడు అసలు విషయం. గుంపు వల్ల నేను చేసిన పెద్ద తప్పు.

2019 సెప్టెంబరు. ఆదివారం పొద్దున సూసియా ఐలాండ్‌లో ఎకో బేలో ఉన్నాం. రాత్రంతా ఆగ్నేయం గాలి. ఆ బే నోరు తెరుచుకునేది సరిగ్గా అటే, కాబట్టి ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. సోమవారం అందరికీ ఆఫీసులు. నీళ్ళు వెనక్కి దిగే వేళ, అంటే రొజారియో జలసంధిలో ప్రవాహం దక్షిణానికి పోతుంది. గాలేమో దక్షిణం నుంచి. ఈ రెండూ ఎదురెదురైతే అలలు పొడుగ్గా ఉండవు, గోడల్లా నిటారుగా, ఒకదాని వెనక ఒకటి లేస్తాయి. ఇది నాకు తెలుసు. ప్రవాహాల పట్టికలో చూశాను కూడా. కానీ ఏడు బోట్లు లంగర్లు ఎత్తుతున్నాయి. అంతమంది వెళ్తుంటే నాకొక్కడికే భయమా అనిపించింది. ఏడుగురూ అలాగే అనుకుని ఉంటారని ఇప్పుడు అనుమానం.

అరగంట పోయాక రేడియోలో తెలుగు వినిపించింది. "అన్నా, మేం తిరిగి పోతున్నం. మా ఇంటామెకు వాంతులు ఆగుత లేవు. మీరూ వస్తరా?"

"మెల్లగా పోదాంలే తమ్ముడూ, ఇంకో గంటే" అన్నాను.

"గంట మనకు ఎక్కువన్నా" అని, బోటు తిప్పేశాడు.

అతను షాలో బేకి పోయి, ఆ గాలి తగలని వైపు, బోట్లు కట్టుకునేందుకు నీటి మీద తేలించిన ఒక బూయ్‌కి కట్టుకుని, సోమవారం సెలవు పెట్టి, మర్నాడు అద్దంలాంటి నీళ్ళ మీద ఇంటికొచ్చాడు. నేను వెళ్ళాను. నా బోటు అడుగు వెనకవైపు దాదాపు చదునుగా ఉంటుంది. సాఫీ నీళ్ళలో తక్కువ పెట్రోలుతో పోవడానికి కారణం అదే, నాలుగడుగుల నిటారు అలల్లో చావగొట్టడానికి కారణమూ అదే. ఒక్కో అల మీద నుంచి బోటు గాల్లోకి లేచి డబ్బాలా పడుతుంది, పళ్ళు టకటకా కొట్టుకుంటాయి. మూడో దెబ్బకో నాలుగో దెబ్బకో అల్మారా తలుపు తెరుచుకుని ఆవకాయ జాడీ ఎగిరి స్టవ్ అంచుకు తగిలి పగిలింది. నూనె, పిండి, జాడీ పెంకులు నేల మీద. పిల్లాడి కాలు వాటి మీద పడకుండా పట్టుకోబోయి మా ఆవిడ మణికట్టు బెణికింది. గంట అన్నది రెండున్నర గంటలైంది. అనకోర్టెస్ చేరాక ఆమె ఒక్క మాట కూడా అనలేదు. అదే ఎక్కువ టెన్షన్. కార్పెట్ మూడుసార్లు కడిగాను. ఎండకాలంలో క్యాబిన్ వేడెక్కితే ఇప్పటికీ ఆవ ఘాటు వస్తుంది.

ఆ శీతాకాలం అందరం కూర్చుని ఒక నియమం పెట్టుకున్నాం. బయల్దేరే ముందు ప్రతి బోటూ రేడియోలో వెళ్తానా, ఆగుతానా చెప్పాలి, చిన్న బోటు మొదట, స్కిప్పర్ చివర. పెద్దవాళ్ళు ముందు మాట్లాడితే చిన్నవాళ్ళు కాదనరు కదా. ఎవరైనా ఆగితే, తోడుగా ఇంకో బోటు ఆగాలి, కారణం అడగకూడదు. ఇది వచ్చాక మేం వాయిదా వేసిన ప్రయాణాలు బాగా పెరిగాయి.

కెనడా సంగతి. మొదటి రెండేళ్ళు గుంపు సరిహద్దు దాటితే నేను ఇటువైపే ఆగిపోయేవాణ్ణి. హెచ్1బీ మీద ఉన్న భారతీయ పాస్‌పోర్టు వాడికి కెనడా వీసా వేరే కావాలి, పైగా మనవాళ్ళకు స్టాంపింగ్ బెంగ ఎప్పుడూ ఉండేదే. తోటివాళ్ళకు అది ఫోను కాల్ పని, నాకు ఫైలు పని. ఆ తర్వాత కరోనాతో సరిహద్దే మూతపడి, బోట్లకు 2021 ఆగస్టులో గానీ తెరుచుకోలేదు. 2022లో మొదటిసారి వెళ్ళాను.

అక్కడ గుంపు విలువ బాగా తెలిసింది. నానైమోకు దక్షిణాన డాడ్ నారోస్ అని ఇరుకు దారి ఉంది. పెద్ద పోట్ల రోజుల్లో అందులో నీరు ఎనిమిది తొమ్మిది నాట్లతో పరిగెడుతుంది, సుడులు తిరుగుతుంది. ప్రవాహం ఆగి దిక్కు మారే కాసేపట్లో, స్లాక్ అంటారు, దాటుకోవాలి. నీళ్ళు పూర్తిగా పైకొచ్చినప్పుడే ప్రవాహం ఆగుతుందని నేననుకున్నాను. అలా కాదు, దానికి వేరే పట్టిక ఉంటుంది. గుంపు లేకపోతే తప్పు పేజీ చూసి నేరుగా సుళ్ళలోకి వెళ్ళేవాణ్ణే. ఇరుకు ముందు అందరం వరసగా ఆగాం, కలప తెప్పను లాక్కొస్తున్న టగ్గు రేడియోలో ముందే హెచ్చరించింది, అది దాటాక ఒక్కొక్కరం. మొత్తం ఐదు నిమిషాల పని, దానికి గంటన్నర ఎదురుచూపు.

అదే కెనడాలో, కొండల మధ్యకు చొచ్చుకుపోయిన సముద్రపు పాయ ప్రిన్సెస్ లూయిసా ఇన్‌లెట్‌కు వెళ్ళినప్పుడు లెక్కంతా పెట్రోలుదే. ఎగ్మాంట్ అనే ఊరు దాటాక బంకు లేదు, పోనూ రానూ దాదాపు 70 నాటికల్ మైళ్ళు. నా బోటుకు గ్యాలనుకు మూడు నాటికల్ మైళ్ళ దాకా వస్తుంది కాబట్టి ఫరవాలేదు. 16 అడుగుల బోటుకు మాత్రం చాలదు. దాని అదనపు పెట్రోలు డబ్బాలు మా మూడు బోట్లలో పంచుకున్నాం. ఇన్‌లెట్ గుమ్మంలో మాలిబూ ర్యాపిడ్స్, అదీ స్లాక్‌లోనే దాటాలి. లోపల రెండు వైపులా నిటారు కొండలు, చివర చాటర్‌బాక్స్ జలపాతం. పాపికొండలు చూసినవాడికి కొండల మధ్య నీళ్ళు కొత్త కాదు. కానీ ఆ కొండల మీద జూలైలో మంచు కొత్త. కెనడా వైపే ఉన్న ఇంకో సముద్రపు పాయ డెసొలేషన్ సౌండ్ గురించి ఒక్క మాట. 1792లో జార్జ్ వాంకూవర్ అది దిక్కుమాలిన చోటనుకుని ఆ పేరు పెట్టాడు. ఆగస్టులో అక్కడ లంగరు వేయడానికి చోటు దొరకదు, నీళ్ళు మాత్రం ఈత కొట్టేంత వెచ్చగా ఉంటాయి.

సాయంత్రాల్లో బోట్లు పక్కపక్కన కట్టుకుంటాం. పిల్లలు ఒక దాని మీంచి ఇంకోదానిలోకి గెంతుతూ, ఎవరింట్లో ఏం వండుతున్నారో చూసొస్తారు. మా కుక్కరు మొదటి విజిల్‌కు పక్క బోటు ఆవిడ గ్యాస్ అలారం అనుకుని బయటికి పరిగెత్తింది. ఇప్పుడు విజిల్ వినగానే ప్లేటు పట్టుకొస్తుంది. డంజెనెస్ పీతల ఇగురు మా వంతు, పాన్‌కేకులు వాళ్ళ వంతు. చీకటి పడే ముందు మాత్రం విప్పుకుని ఎవరి లంగరు మీద వాళ్ళు పోతాం. ఒక్క లంగరు జారితే కట్టుకున్నవన్నీ జారతాయి. పైగా గురకలు కూడా తగ్గుతాయి.

సర్దుకుపోవాల్సినవి: రాత్రి మన ఊపిరే అద్దాల మీద నీరై, పొద్దుటికి దుప్పటి మీద కారుతుంది. నిల్చుని బట్టలు మార్చుకునే చోటు ఒక్కటే. పోర్టా పాటీకి (మోసుకెళ్ళే టాయిలెట్‌కు) తలుపు లేదు, కర్టెనే. మా ఆవిడ దీన్ని స్లీపర్ బస్సుతో పోల్చింది, బస్సు పొద్దునకల్లా దిగనిస్తుందని కూడా అంది. 2025 జనవరి నుంచి వాషింగ్టన్ నీళ్ళలో ఇక్కడి స్థానిక ఓర్కాలకు (నలుపు తెలుపు తిమింగలాలు) వెయ్యి గజాల దూరం ఉండాలి. గుంపుగా పోతున్నప్పుడు ఒక్కరికి కనబడితే ఎనిమిది బోట్లూ ఆగాలి, చుట్టూ తిరగాలి, ఆ రోజు ప్లాను అంతటితో సరి.

బోటు కొనాలనుకునేవాళ్ళు అడుగుతారు, గుంపు ముందా బోటు ముందా అని. ఒక వేసవి ఎవరి బోటులోనైనా తాడు పట్టుకునే మనిషిగా వెళ్ళిరండి. పక్కవాళ్ళ కోసం ఆగడం విసుగనిపిస్తే బోటు కొన్నా గుంపులోకి రాకండి. ఒంటరిగా తిరిగే మంచి నావికులు చాలామందే ఉన్నారు.

మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న చర్చ 25 అడుగులది తీసుకోవాలా అని. అందులో బాత్రూముకు తలుపుంటుంది, అది మా ఆవిడ వాదం. దాన్ని లాగడానికి మా పికప్ చాలదు, అది నా వాదం. పికప్ కూడా మార్చేద్దాం అంటోంది.