మటన్ తగ్గిస్తే దాని బదులు ఏది మేలు: చికెనా, చేపా, గుడ్డా, పనీరా, పప్పా?

మాంసం తగ్గించమని ఎవరైనా అంటే మనవాళ్ళలో సగం మంది "తాతల నాటి నుంచి తింటున్నాం, ఎవరికేమైంది" అని కొట్టిపారేస్తారు, మిగతా సగం మర్నాటి నుంచే పనీర్ బటర్ మసాలా మీద పడతారు. ఈ రెండో బ్యాచ్‌కి ఒక మాట చెబుదామనే ఇదంతా. మటన్ తగ్గించడం మంచిదే, అందులో నాకు అనుమానం లేదు, కానీ దాని బదులు కంచంలోకి ఏం వస్తోందో చూసుకోకపోతే ఒంటికీ లాభం లేదు, భూమికీ లాభం లేదు.

పూర్తిగా మానేయడం గురించి నేను మాట్లాడట్లేదు. జనన మరణాల లెక్కలు తీసే కేంద్రం వాళ్ళ 2014 ఎస్ఆర్ఎస్ సర్వేలోనే తెలంగాణలోనూ ఆంధ్రలోనూ 98 శాతం మంది మాంసాహారులని తేలింది. నెలకోసారి తినేవాళ్ళూ ఆ లెక్కలోకే వస్తారనుకోండి, అయినా మనకి మానేయమనే సలహా చెవికెక్కదు.

ముందు మటన్ సంగతి. మేకా గొర్రే నెమరువేసే జంతువులు. మేసింది పొట్టలో పులుస్తుంది, ఆ పులిసినప్పుడు పుట్టే మీథేన్ ఎక్కువగా తేన్పుల్లోనే బయటికి పోతుంది. వందేళ్ళ లెక్కన చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 27 రెట్లు ఎక్కువ వేడి పుట్టిస్తుంది. 2018లో పూర్, నెమెచెక్ అనే ఇద్దరు పరిశోధకులు 119 దేశాల్లో 38 వేలకు పైగా పొలాలు, ఫారాల లెక్కలు తీశారు. 100 గ్రాముల ప్రోటీన్ రావాలంటే గొర్రె మాంసానికి సుమారు 20 కిలోల వాయువులు (అన్నిటినీ కార్బన్ డయాక్సైడ్ లెక్కలోకి మార్చి), కోడికీ చెరువు చేపకీ చెరో 6 కిలోలు, గుడ్లకి 4 చిల్లర, బఠానీలకైతే అర కిలో కూడా లేదు. ఇవి ప్రపంచ సగటులు. మన గొర్రెలు బీళ్ళలోనూ కోత అయిన చేలల్లోనూ మేస్తాయి, రైతులు ఎరువు కోసం డబ్బులిచ్చి మరీ చేలో మంద పెట్టించుకుంటారు, కాబట్టి అడవి నరికి మేత పండించారనే నింద మన గొల్ల కురుమల మీద వేయడం అన్యాయం. మీథేన్ మాత్రం ఎక్కడ మేసినా మీథేనే.

ఒంటి విషయానికొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2015లో సాసేజ్, సలామీ లాంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకం అని ఖాయం చేసింది, మటన్ లాంటి ఎర్ర మాంసాన్ని "బహుశా కారకం" అనే వరుసలో పెట్టింది. రోజూ 50 గ్రాముల ప్రాసెస్డ్ మాంసం తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని అప్పుడే చెప్పారు. దీన్ని పట్టుకుని మటన్ తింటే సిగరెట్ తాగినట్టే అని వాట్సాప్‌లో తిప్పేవాళ్ళని నమ్మకండి. ఆ వరుసలు ఆధారం ఎంత గట్టిదో చెబుతాయి, ప్రమాదం ఎంత పెద్దదో కాదు. ఒంటికీ భూమికీ సరిపడే తిండి ఏదో తేల్చడానికి శాస్త్రవేత్తల బృందం 2019లో ఇచ్చిన ఈట్-లాన్సెట్ నివేదిక మనిషికి వారానికి సుమారు 100 గ్రాముల ఎర్ర మాంసం చాలంది. ఆదివారం నలుగురికి కిలో మటన్ తెచ్చే ఇంట్లో ఎముకలు తీసేసినా ఒక్క పూటలోనే ఆ హద్దు దాటేస్తారు.

చికెన్‌కి మారితే? వాయువుల లెక్కలో మూడో వంతుకి దిగిపోతాం, అది చిన్న సంగతి కాదు. బాయిలర్ కోడి నలభై రోజులకు అటూ ఇటూ అమ్మకానికొచ్చేస్తుంది, మేత తక్కువ తింటుంది. ఇబ్బంది మందులతో. మనిషికి చివరి అస్త్రంగా వాడే కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ని కోళ్ళకి పెడుతున్నారని 2019లో కేంద్రమే దాన్ని నిషేధించాల్సి వచ్చింది. ఇంకోటి, చవగ్గా ఉంది కదా అని వారానికి నాలుగు పూటలు తిని, అందులో రెండు నూనెలో వేయించిన సిక్స్‌టీఫైవ్ అయితే తగ్గించామన్న మాటకి అర్థమే లేదు.

చేప మంచిదే, నేను చికెన్ కంటే ఒక మెట్టు పైనే పెడతాను. బొచ్చె, శీలావతి తవుడూ చెక్కా తిని పెరిగే చేపలు. కానీ కొల్లేరు కథ మర్చిపోకూడదు. 2002లో రామ్‌సర్ గుర్తింపు (ముఖ్యమైన చిత్తడి నేలలకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన సరస్సులో చేపల చెరువులు ఎంతగా తవ్వేశారంటే 2006 నాటికి ప్రభుత్వమే గట్లు కొట్టించింది. విశాఖ వైపు వాళ్ళకి నా సలహా అయితే కవళ్ళు, కానాగంతలు తినమనే: చిన్న సముద్రపు చేపలు, ధర తక్కువ, ఒమేగా-3 అనే మంచి కొవ్వు దండిగా ఉంటుంది.

గుడ్డు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఒక్కోదాంట్లో 6 గ్రాముల ప్రోటీన్, బీ12 కూడా. పైసా వసూల్.

ఇక పనీరు. కిలో పనీరు కావాలంటే అయిదారు లీటర్ల పాలు విరగ్గొట్టాలి, ఆ పాలిచ్చే గేదె కూడా నెమరువేసేదే కదా! పైన చెప్పిన అధ్యయనంలోనే చీజ్‌కి 11 కిలోలు వచ్చింది, అంటే కోడికి దాదాపు రెట్టింపు. పనీరూ ఆ కోవదే. మటన్ నుంచి పనీరుకి మారితే కొంత నయం, చికెన్ మానేసి పనీరు తింటూ భూమిని కాపాడుతున్నాననుకోవడం మాత్రం భ్రమ. పైగా వెన్న, క్రీమ్ కలిసేసరికి గుండెకి కూడా పెద్దగా ఒరిగేదేం లేదు.

నా ఓటు పప్పుకే, కాకపోతే ఒక షరతు మీద. కంది మొక్క వేళ్ళ బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి పెడుతుంది, అంత మేరకు యూరియా ఖర్చు తప్పుతుంది. మన వైపు ఎక్కువగా వర్షాధారంగానే పండుతుంది, తాండూరు కందికైతే 2022లో జీఐ ట్యాగ్ (ఆ ప్రాంతపు ప్రత్యేక పంట అనే గుర్తింపు) కూడా వచ్చింది. వంద గ్రాముల పచ్చి కందిపప్పులో 22 గ్రాముల దాకా ప్రోటీన్. మరి షరతేంటంటే, ఆ పప్పు కంచంలోకి నిజంగా రావాలి. పల్చటి పప్పుచారులో పప్పు వెతుక్కోవాల్సిందే, మనిషికి 30 గ్రాముల పప్పు పడితే వచ్చేది 7 గ్రాముల లోపు ప్రోటీన్. ముద్దపప్పు, అలసందలు, శనగలు, వారానికోసారి మీల్ మేకర్ అయితే లెక్క కుదురుతుంది. లేదంటే మటన్ తగ్గిన మేరకు ఇంకో రెండు గరిటెలు అన్నం పడుతుంది, అది అన్నిటికంటే అధ్వాన్నం. మన దేశంలో తినే కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని కేంద్ర వైద్య పరిశోధనా మండలి ఐసీఎంఆర్ 2025లో చెప్పింది, షుగర్ ఊరికే రావట్లేదు. పైగా నీళ్ళు నిలబెట్టిన వరి మడి కూడా మీథేన్ వదుల్తుంది.

ఇంట్లో ఎవరు తగ్గించాలన్నది కూడా చూడాలి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో ఆంధ్రలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. మాంసంలోని ఇనుము ఒంటికి తేలిగ్గా పడుతుంది, ఆకుకూరలోది అంత తేలిగ్గా పట్టదు. నిమ్మకాయ పిండుకుంటే కాస్త నయం, తిన్న వెంటనే టీ తాగితే అదీ పోతుంది. బీ12 అయితే మొక్కల్లో ఉండనే ఉండదు. ముక్కలన్నీ మగవాళ్ళకీ పిల్లలకీ వడ్డించి ఆఖర్న పులుసుతో సరిపెట్టుకునే అమ్మలు ఇంకా ఉన్నారు, అలాంటి ఇంట్లో తగ్గాల్సింది బీపీ, కొలెస్ట్రాల్ ఉన్న పెద్దాయన వాటా. ఆవిడది కాదు.

వారం మధ్యలో పప్పు, గుడ్లు, కుదిరితే చేప. ఆదివారం మటన్ ఉండనివ్వండి, కిలో బదులు అరకిలో తెచ్చి దాల్చా చేయండి. శనగపప్పు విడిగా మెత్తగా ఉడికించి, మటన్ కుక్కర్లో ముప్పావు వంతు ఉడికాక సొరకాయ ముక్కలు వేసి, అవి మెత్తబడ్డాక పప్పూ చింతపండు పులుసూ కలిపితే అయిదుగురికి హాయిగా సరిపోతుంది. చింతచిగురు దొరికే రోజుల్లో పప్పు కూడా అక్కర్లేదు, చిగురు ధర చూసి గుండె ఆగితే గోంగూర వేసుకోండి.