డిస్నీ వరల్డ్‌లో హోటల్ అతిథులకు ముందస్తు ప్రవేశం: పాత గంటా, ఇప్పటి అరగంటా, ఏది మేలు?

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో 2020 దాకా నడిచిన ఎక్స్‌ట్రా మ్యాజిక్ అవర్స్ అనే పథకంలో పార్కులకు వంతులుండేవి. వంతు వచ్చిన పార్కును డిస్నీ హోటళ్లలో దిగినవారికి ఉదయం గంట ముందు తెరిచేవారు. 2021 అక్టోబరు నుంచి నాలుగు పార్కులనూ వారికి రోజూ అరగంట ముందే తెరుస్తున్నారు.

రద్దీ సంగతి చూస్తే అరగంటే మేలు. వంతులున్నప్పుడు హోటళ్ల జనం ఆ ఒక్క పార్కు మీదే పడేవారు. పొద్దున్నే వచ్చినవాళ్లు గంట కాగానే వెళ్లిపోరు కదా, మధ్యాహ్నానికి అక్కడ కాలు పెట్టే చోటుండేది కాదు. ఇప్పుడా జనం నాలుగు చోట్లకు సర్దుకుంటున్నారు.

బయటి హోటళ్లలో దిగేవారికి మాత్రం పాతదే నయం. వంతు పార్కును వదిలేసి ఇంకోదానికి వెళ్తే సరిపోయేది. ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా వాళ్లకంటే ముందే క్యూ తయారై ఉంటుంది. గంటకు 1,500 మందిని ఎక్కించే రైడ్ అనుకుందాం. అరగంటలో ఎక్కేది 750 మంది. ఆలోగా 1,500 మంది వచ్చి నిలబడితే, గేటు అందరికీ తెరిచే సరికి ఇంకా 750 మంది మిగులుతారు. అంటే బయటినుంచి వచ్చిన మొదటి మనిషికే అరగంట నిరీక్షణ. ఆపైన లైట్నింగ్ లేన్ (డబ్బు కట్టి వెళ్లే వేరే క్యూ) కొన్నవాళ్లూ కలిస్తే మామూలు క్యూ ఇంకా నెమ్మదిస్తుంది.

అందుకే ఆ నాలుగు పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌లో బయటివారు ఆ క్యూల వెంట పడకూడదు. అక్కడ ముందుగా తెరిచేది ఫ్యాంటసీల్యాండ్, టుమారోల్యాండ్ అనే రెండు భాగాలు మాత్రమే. అడ్వెంచర్‌ల్యాండ్ అందరికీ ఒకేసారి తెరుస్తారు కాబట్టి నేరుగా అక్కడి జంగిల్ క్రూజ్ రైడ్‌కు నడవండి.

హోటల్ అతిథులకు ఆ అరగంట దక్కాలంటే అది మొదలయ్యేలోపే గేటు దగ్గరుండాలి. పార్కు 9కి తెరిస్తే ముందస్తు ప్రవేశం 8:30కి, మీరు చేరాల్సింది 8కి. 8:50కి వస్తే మీరూ ఆ 750 మందిలో ఒకరే. హోటల్ బస్సు గేటు దగ్గరే దించుతుంది. మ్యాజిక్ కింగ్‌డమ్‌కు కారులో వెళ్తే పార్కింగ్ నుంచి మోనోరైలో ఫెర్రీయో ఎక్కాలి, దానికింకో అరగంట కలుపుకోండి. అక్కడి సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్ రైడ్ పొద్దున్నే మొరాయిస్తే పోయిన సమయం తిరిగి రాదు. అదే ఫ్యాంటసీల్యాండ్‌లో ఉన్న పీటర్ పాన్స్ ఫ్లైట్‌ను రెండో ఎంపికగా ముందే అనుకోండి.

రైడ్‌ల లెక్కే ముఖ్యమైతే ఈ రెంటికంటే రాత్రివేళ ఇచ్చే అదనపు సమయం మేలు. కొన్ని రాత్రులు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో, మరో పార్కు ఎప్‌కాట్‌లో రెండు గంటలిస్తారు. అది డీలక్స్ హోటళ్లవారికే కాబట్టి జనం పలుచన. అయితే ఆ ఒక్క రాత్రి కోసం ఖరీదైన గది తీసుకోవడం దండగ, పైగా చిన్నపిల్లలు అప్పటికే నిద్రకు తూగుతుంటారు.

ఉదయపు అరగంట మాత్రం ఏ డిస్నీ హోటల్‌లో దిగినా ఉంటుంది. దిగే రోజు, గది ఇంకా చేతికి రాకముందే వాడుకోవచ్చు, ఖాళీ చేసే రోజూ చెల్లుతుంది.