ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ అని చెప్పి ఆటో ట్రాన్స్‌ఫార్మర్ అంటగట్టారు: బ్యాలెన్స్‌డ్ పవర్ పెట్టె చేయించుకునేవారు జాగ్రత్త

రాణీగంజ్ వైపు ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టి ఇచ్చే ఆ దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. కోఠి గుజరాతీ గల్లీలో విడిభాగాల కోసం తిరిగే ఆడియో మిత్రులకు అది తెలిసిన చోటే, నన్ను అక్కడికి పంపినదీ వారే. నిన్న సాయంత్రం ఆ దుకాణం మెట్లు దిగి వచ్చినప్పటి నుంచి నాకు మనసు కుదుట పడలేదు.

నేను అడిగింది 1 కేవీఏ సామర్థ్యమున్న ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, అంటే కరెంటు లోపలికి వచ్చే చుట్టు (ప్రైమరీ), బయటికి ఇచ్చే చుట్టు (సెకండరీ) ఒకదానికొకటి కలవకుండా వేరుగా ఉండేది. ప్రైమరీ 230 వోల్టులు, సెకండరీ 115-0-115 (చుట్టు నడుమ నుంచి తీసిన వైరు, అంటే మధ్య ట్యాప్, నుంచి అటూ ఇటూ 115 వోల్టులు), రెండు చుట్లకూ మధ్య రాగిరేకు షీల్డు ఉండాలని కాగితం మీద గీసి మరీ ఇచ్చాను. స్పీకరులో హమ్ తగ్గించడానికి బయట దొరికే బ్యాలెన్స్‌డ్ పవర్ యూనిట్లు మన జేబుకు అందవు గనుక, ఒక మంచి ట్రాన్స్‌ఫార్మర్, ఒక ఇనుప పెట్టె, నాలుగు సాకెట్లతో పని కానిద్దామనుకున్నాను. ఆంప్లిఫయర్, డీఏసీ (డిజిటల్ పాటను అనలాగ్ సంకేతంగా మార్చే పరికరం) వంటి వాటిలో ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు ఎర్తుకు కలిసి ఉంటాయి. మామూలు సరఫరాలో న్యూట్రల్ ఇంచుమించు సున్నా వోల్టుల దగ్గరే ఉంటుంది కాబట్టి, ఫేజు వైపు లీకేజీ అంతా ఎర్తులోకీ, అక్కడి నుంచి పరికరాలను కలిపే ఆర్‌సీఏ ఆడియో కేబుల్ షీల్డులోకీ చేరి స్పీకరులో గుయ్‌మంటూ హమ్ వినిపిస్తుంది. సెకండరీ మధ్య ట్యాప్‌ను ఎర్తు చేస్తే రెండు వైర్లూ ఎర్తుకు చెరో 115 వోల్టుల దూరంలో, ఒకదానికొకటి ఎదురుగా ఊగుతాయి, రెండు లీకేజీలూ ఎర్తు దగ్గర చాలావరకు కొట్టివేసుకుంటాయి. ఇదంతా జరగాలంటే ప్రైమరీకీ సెకండరీకీ మధ్య తీగ సంబంధం ఏమాత్రం ఉండకూడదు. సరిగ్గా అక్కడే నన్ను మోసం చేశారు.

సరుకు తీసుకునే రోజు యజమానే స్వయంగా మీటరు పెట్టి చూపించారు. రెండు చివరల మధ్య 230, మధ్య ట్యాప్ నుంచి అటూ ఇటూ 115 చొప్పున అంకెలు చక్కగా వచ్చాయి. బిల్లు రాస్తే 18 శాతం జీఎస్టీ పడుతుంది, మీకెందుకు దండగ అని ఆయనే అన్నారు. నేను తలూపి 6,500 రూపాయలు ఫోనులో పంపేశాను. నా సంచిలో నా మల్టీమీటరు ఉంది. దాన్ని బయటికి తీసి ప్రైమరీకీ సెకండరీకీ మధ్య కంటిన్యూటీ (తీగ సంబంధం ఉంటే బీప్ మనే పరీక్ష) చూడడానికి అర నిమిషం పట్టేది. ఆ పని చేయనందుకు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

ఇంటికి వచ్చి మధ్య ట్యాప్‌నూ, సాకెట్ల ఎర్తు పిన్నులనూ, పెట్టెనూ ఇంటి ఎర్తుకు కలిపి స్విచ్ వేయగానే ఇల్లంతా చీకటైంది. కరెంటు ఎర్తులోకి లీకైతే సరఫరా ఆపేసే రక్షణ స్విచ్, 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ, పడిపోయింది. స్విచ్ వేసిన క్షణంలో లాగే కరెంటు వల్లనేమో అనుకుని మళ్లీ వేశాను, మళ్లీ పడింది. అప్పుడు ప్లగ్గు పీకేసి, ఒక ప్రోబు ప్రైమరీ ఎర్ర వైరుకూ, ఇంకొకటి సెకండరీ పసుపు వైరుకూ పెట్టాను. మీటరు బీప్ మంది. ఆ శబ్దం వినగానే నా చేతులు చల్లబడ్డాయి.

నిన్న దాన్ని మోసుకెళ్లి ఆయన ఎదుటే అదే బీప్ వినిపించాను. ఆయన తలెత్తి కూడా చూడలేదు. "మీటర్ పెట్టి సూపిచ్చినం గద సార్, మూడు దిక్కులా కరెక్టే వచ్చింది గద. మీ ఇంటి వైరింగే ఖరాబుంటది, పోయి గది సూపిచ్చుకోండ్రి" అన్నారు. రెండు చుట్లు వేరుగా ఉంటే బీప్ ఎలా వస్తుందండీ అని అడిగితే, "అన్నిట్ల గట్లనే వస్తది" అని, ఆ తరువాత పనివాళ్లందరి ముందూ, "ఇంతకీ బిల్లున్నదా మీ దగ్గర?" అన్నారు. బిల్లు వద్దన్న మనిషే ఆ మాట అడిగారు. డబ్బు పోయినదానికన్నా నన్ను ఎక్కువగా కోసింది ఆ ప్రశ్నే.

రాత్రి పైకాగితం విప్పి చూశాను. పసుపు టేపు కింద ప్రైమరీ ఎర్ర వైరూ, సెకండరీ పసుపు వైరూ ఒకే టంకం చుక్కలో కలిసి ఉన్నాయి. లోపల ఉన్నది ఒకే ఒక చుట్టు, దాని మధ్యలో ఒక ట్యాప్, అంటే ఆటో ట్రాన్స్‌ఫార్మర్. అందుకే మధ్య ట్యాప్‌ను ఎర్తు చేయగానే మెయిన్స్ కరెంటు ఎర్తులోకి పోయి ఆర్‌సీసీబీ పడింది. షీల్డు ఊసే లేదు. ఎనామెల్ గీకితే తీగ తెల్లగా మెరిసింది, అంటే రాగి కూడా కాదు, అల్యూమినియం. పది కిలోలకు పైగా తూగవలసినది మా ఇంటి కాటాలో ఆరున్నర కిలోలే తూగింది.

దీన్ని కేవలం నాసిరకం సరుకని వదిలేయలేను. మా ఇంట్లో ఎర్తు, ఆర్‌సీసీబీ రెండూ ఉన్నాయి కాబట్టి బతికిపోయాం. ఎర్తు తెగిపోయిన పాత ఇంట్లో ఇదే పెట్టెను ఇలాగే కలిపితే ఆ మధ్య ట్యాప్ 115 వోల్టులు సాకెట్ల ఎర్తు పిన్నుకూ, అక్కడి నుంచి ఆంప్లిఫయర్ లోహపు పెట్టెకూ చేరతాయి. లీకేజీ పోయే దారి లేదు కాబట్టి ఎవరైనా ముట్టుకునేదాకా ఆర్‌సీసీబీకి తెలియదు, అది కూడా లేని ఇల్లయితే ఆపేదేమీ ఉండదు. మా ఇంట్లో వాల్యూమ్ తిప్పేది మా చిన్నమ్మాయి. అంత ప్రమాదాన్ని తెలిసి తెలిసి టేపు కింద దాచి అమ్మారు.

కొనేవారు దుకాణంలోనే, కరెంటు ఇవ్వకముందే ప్రైమరీకీ సెకండరీకీ మధ్య కంటిన్యూటీ చూడండి. బీప్ వస్తే అక్కడే వదిలేసి రండి. వీలైతే ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో కూడా చూడమనండి. బ్యాలెన్స్‌డ్ సరఫరాలో రెండు వైర్లలోనూ కరెంటు ఉంటుంది కాబట్టి రెండింటినీ ఒకేసారి తెంపే డబుల్ పోల్ ఎంసీబీ పెట్టించండి. నిజమైన ఐసోలేషన్ ఉన్నప్పుడు ఇంటి ఆర్‌సీసీబీ సెకండరీ వైపు లీకేజీని పట్టదు, ఆ వైపు వేరే ఆర్‌సీసీబీ కావాలి. బిల్లు తప్పక తీసుకోండి. నా దగ్గర మిగిలింది ఫోనులో డబ్బు పంపిన రసీదు ఒక్కటే, దానితోనే రేపు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తున్నాను.