రికర్డ్స్‌ను ముందు చదవాలా, వై.వి. రెడ్డిగారినా?

2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పటి నుంచి ఒంగోలు, నెల్లూరు మిత్రులు నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. రొయ్యల చెరువులున్నవారు, పొగాకు వేసేవారు, చీమకుర్తి గ్రానైటు వ్యాపారంలో ఉన్నవారు, అందరిదీ అదే మాట. ప్రపంచ ద్రవ్య సంక్షోభాలు అర్థం కావాలంటే అమెరికన్ రచయిత జేమ్స్ రికర్డ్స్‌ను చదవాలా, రిజర్వు బ్యాంకు మాజీ గవర్నరు వై.వి. రెడ్డిగారినా?

చదివించే గుణంలో రికర్డ్స్‌దే పైచేయి. 1998లో లాంగ్ టర్మ్ కాపిటల్ మేనేజ్‌మెంట్ అనే అమెరికా పెట్టుబడుల ఫండు మునిగిపోబోతే, అక్కడి కేంద్ర బ్యాంకు శాఖ అయిన న్యూయార్క్ ఫెడరల్ రిజర్వు చొరవతో 14 సంస్థలు దాదాపు 360 కోట్ల డాలర్లు పోసి దాన్ని నిలబెట్టాయి. ఆ బేరసారాల్లో ఫండు తరఫు న్యాయవాది ఆయనే. ఒకరి అప్పు ఇంకొకరి మెడకు ఎలా చుట్టుకుంటుందో దగ్గరుండి చూసినవాడు కనుక ఆయన రాస్తే పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. దేశాలు పోటాపోటీగా తమ కరెన్సీ విలువ తగ్గించుకున్న చరిత్రను 2011 నాటి ‘కరెన్సీ వార్స్’లో మూడు యుద్ధాలుగా చెప్పారు. డాలరుకూ బంగారానికీ ఉన్న ముడిని 1971 ఆగస్టు 15న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఎలా తెంచాడో తెలుసుకోవాలన్నా ఈ పుస్తకం చాలు.

అయితే నా దృష్టిలో అసలు విషయం వేరే ఉంది. రచయిత ఎవరి కరెన్సీ వైపు నిలబడి సంక్షోభాన్ని చూస్తున్నాడు? రికర్డ్స్ భయమంతా డాలరు పతనం గురించే. మన అనుభవం దానికి తలకిందులు. 2008 మొదట్లో డాలరు 40 రూపాయల లోపే ఉండేది, ఆ ఏడాది చివరికి 50 దాకా పోయింది. సంక్షోభం పుట్టింది అమెరికాలో, పడింది మన రూపాయి! 2013లోనూ అంతే. అమెరికా కేంద్ర బ్యాంకు, మార్కెట్లోకి డాలర్లు వదిలే బాండ్ల కొనుగోలును తగ్గిస్తానన్న సూచన ఇచ్చిందో లేదో, ఆగస్టు చివరికి డాలరు 68 రూపాయలు దాటింది.

రొయ్యల పట్టుబడి రోజున చెరువు గట్టు మీద వ్యాపారి కౌంటు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి కిలో ధర చెబుతాడు. ఆ ధర వెనుక అమెరికా కొనుగోలుదారు ఉన్నాడు, ఆనాటి రూపాయి మారకం ఉంది. డాలరు ఎక్కిందని సంబరపడేలోపే అక్కడ కొనుగోళ్లు తగ్గుతాయి, ఇక్కడ డీజిలు బరువవుతుంది. రూపాయి కుదుపును రైతు దాకా రాకుండా ఎంతవరకు ఆపవచ్చు, ఎవరు ఆపాలి అన్నదే మనకు కావలసిన ప్రశ్న. రికర్డ్స్ పుస్తకంలో దానికి చోటు లేదు.

రెడ్డిగారు ఆ ప్రశ్న మధ్యలోనే బతికారు. కడప జిల్లా మనిషి. 1991లో దేశం దగ్గర విదేశీ మారకం అడుగంటి, రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని ఇంగ్లాండు, జపాన్ కేంద్ర బ్యాంకుల దగ్గర కుదువ పెట్టి సుమారు 40 కోట్ల డాలర్లు తెచ్చినప్పుడు ఆయన కేంద్ర ఆర్థిక శాఖలో అధికారి. తర్వాత 2003 నుంచి 2008 వరకు గవర్నరు. బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచాల్సిన నగదు నిల్వను ఆయన 4.5 శాతం నుంచి అంచెలంచెలుగా 9 శాతం దాకా పెంచారు. స్థిరాస్తి రుణాలకు పగ్గాలు వేశారు. వృద్ధికి అడ్డుపడుతున్నారని అప్పట్లో విమర్శలు వచ్చాయి. ఆయన పదవి దిగిన పది రోజులకే అమెరికాలో లీమన్ బ్రదర్స్ అనే పెద్ద పెట్టుబడి బ్యాంకు కూలింది. కొత్త గవర్నరు ఆ నిల్వను కొద్ది నెలల్లోనే మళ్లీ 5 శాతానికి దించి బ్యాంకుల చేతికి డబ్బు వదలగలిగారంటే, మంచి రోజుల్లో గాదె నింపి ఉంచబట్టే.

ఆయన రచనల్లో కష్టం లేకపోలేదు. 2009లో వచ్చిన సంక్షోభం పుస్తకం ప్రసంగాల సంకలనం, పొడిగా ఉంటుంది. 2017 నాటి ఆత్మకథ ‘అడ్వైస్ అండ్ డిసెంట్’తో మొదలుపెట్టండి. ప్రభుత్వం ఒకటంటే తాను ఇంకొకటని నిలబడిన సందర్భాలు అందులో ఉన్నాయి.

బంగారం మాట ఎలాగూ అడుగుతారు. మదుపులో పదో వంతు బంగారంలో ఉంచమని రికర్డ్స్ ఎప్పటి నుంచో చెబుతున్నారు, విని దాచుకున్నవారు నష్టపోలేదు. కానీ మన దగ్గర చాలా ఇళ్లలో బంగారం పంట పెట్టుబడికి బ్యాంకులో తాకట్టులో ఉంటుంది. అప్పుకు ఆధారంగా వెళ్లిన నగ ఆపద వేళ చేతికి రాదు. పదో వంతు లెక్క వేసుకునే ముందు విడిపించాల్సిన నగలు ఎన్నో చూసుకోండి.

రిజర్వు బ్యాంకు మరో మాజీ గవర్నరు రఘురామ్ రాజన్ ‘ఫాల్ట్ లైన్స్’ మంచి పుస్తకమే, అమెరికా గృహరుణాల మూలాలు కావాలంటే చదవండి. అమెరికన్ ఆర్థిక చరిత్రకారుడు కిండిల్‌బర్గర్ 1978లో రాసిన సంక్షోభాల చరిత్ర విద్యార్థులకు పనికొస్తుంది.

రికర్డ్స్‌ను ముందుగా చదవమని నేను చెప్పేది ఒక్కరికే. పిల్లలు అమెరికాలో స్థిరపడి, ఇంటి పొదుపులో పెద్ద భాగం డాలర్లలో ఉన్నవారికి ఆయన భయం సొంత భయమే. చెరువు, పొగాకు బ్యారను, గ్రానైటు క్వారీ మీద బతికేవారు మాత్రం రెడ్డిగారి ఆత్మకథలో 1991 ఘట్టాలతో మొదలుపెట్టి, గవర్నరు రోజుల దాకా చదివాక రికర్డ్స్ జోలికి వెళ్లండి.