ఇంట్లో నీళ్ల నష్టం: క్లెయిమ్ మనమే చూసుకోవాలా, పబ్లిక్ అడ్జస్టర్‌కి ఇవ్వాలా?

అమెరికాలో పైపు పగిలి ఇల్లు తడిస్తే, ముందుగా వచ్చే అడ్జస్టర్ (నష్టాన్ని లెక్కగట్టే మనిషి) ఇన్సూరెన్స్ కంపెనీ తరఫు. పబ్లిక్ అడ్జస్టర్ మనం పెట్టుకునే, మన తరఫు మనిషి.

ఖర్చు: మనమే చూసుకుంటే ఫీజు లేదు. పబ్లిక్ అడ్జస్టర్‌కైతే వచ్చిన క్లెయిమ్ డబ్బులో వాటా ఇవ్వాలి. టెక్సాస్‌లో గరిష్ఠంగా 10 శాతం.

శ్రమ: ఫొటోలు, అంచనాలు, ఫోన్లు మన నెత్తిన, లేదా అతని నెత్తిన. నీళ్లు తోడించి ఆరబెట్టించే పని మాత్రం ఎలాగైనా మనదే. బూజు పట్టనిస్తే కంపెనీకి కోత పెట్టే సాకు దొరుకుతుంది.

రిస్క్: ఒంటరిగా అయితే గోడ లోపలి తడి లెక్కకు రాకపోవచ్చు. అతనితో అయితే లైసెన్స్ చూడకుండా సంతకం పెట్టడమే ప్రమాదం. రిపేరు కాంట్రాక్టరే ‘క్లెయిమ్ కూడా నేనే మాట్లాడతా’ అంటే టెక్సాస్‌లో చట్టం ఒప్పుకోదు.

ఒక గది తడిస్తే మనమే చాలు. రెండంతస్తులు పాడై, కంపెనీ ఆఫర్ మరీ తక్కువైతే పబ్లిక్ అడ్జస్టర్. క్లెయిమ్ పూర్తిగా తిరస్కరిస్తే లాయరే నయం.